పొరుగు పోటీ పెంచిన జట్టు: విస్కాన్సిన్ మహిళా ఐస్ హాకీ పాతికేళ్లు

2015-16 సీజన్‌లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ మహిళా ఐస్ హాకీ జట్టు గోల్‌కీపర్ ఆన్-రెనే దెబియెన్ 21 మ్యాచ్‌ల్లో ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఒక దశలో వరసగా 543 నిమిషాల పాటు ఆమెను దాటి పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే బిళ్ల) వలలో పడలేదు. ఒక్కో మ్యాచ్ అరవై నిమిషాలు కాబట్టి, అది తొమ్మిది పూర్తి మ్యాచ్‌ల పైమాటే. తన మీదికి వచ్చిన ప్రతి వంద షాట్లలో సగటున తొంభై ఆరింటిని ఆమె ఆపేసింది. అయినా ఆ ఏడాది కప్పు విస్కాన్సిన్‌కు రాలేదు. సెమీఫైనల్లో పక్క రాష్ట్రపు మినెసోటా జట్టు ఓవర్‌టైమ్‌లో 3-2తో గెలిచి ఫైనల్‌కు వెళ్లింది, కప్పూ గెలుచుకుంది.

అంతకు ముందు ఏడాది సెమీఫైనల్లో విస్కాన్సిన్‌ను ఓడించిందీ మినెసోటాయే. ఆ ముందటేడాదీ మినెసోటాయే. వరసగా మూడేళ్లు ఒకే గడపలో కాలు తట్టుకున్న ఈ జట్టు, 2025 నాటికి ఎనిమిది జాతీయ టైటిళ్లతో అమెరికా మహిళా కాలేజీ హాకీలో అందరికన్నా ముందు నిలిచింది. మినెసోటా ఆరు, అదే రాష్ట్రంలోని మరో విశ్వవిద్యాలయం మినెసోటా డులూత్ ఐదు, క్లార్క్‌సన్ మూడు, ఒహాయో స్టేట్ రెండు గెలిచాయి. 2001లో మొదలైన జాతీయ టోర్నీ చరిత్ర మొత్తం ఈ ఐదు పేర్లతో అయిపోతుంది.

విస్కాన్సిన్ విజయాల గురించి చెప్పేటప్పుడు సాధారణంగా కోచ్ పేరో, ఒలింపిక్ తారల పేర్లో ముందుకొస్తాయి. వాటికి తగిన విలువ ఉంది. కానీ ఈ జట్టు చరిత్రను ఏడాది వెంట ఏడాదిగా చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. 2025 దాకా ఈ జట్టు ఆడిన పన్నెండు ఫైనళ్లలో ఎనిమిది సొంత కాన్ఫరెన్స్ జట్ల మీద, అంటే ఏటా తమలో తాము లీగ్ ఆడుకునే విశ్వవిద్యాలయాల కూటమిలోని జట్ల మీద, ఆడినవే. దేశమంతా తిరిగి చివరికి ఇరుగుపొరుగుతోనే తలపడాల్సి రావడం యాదృచ్ఛికం కాదు. విస్కాన్సిన్‌ను ఇంత గట్టిగా తయారు చేసింది దాని పొరుగు జట్లే.

పుట్టుక

ఐస్ హాకీ తెలుగు నేల మీద కళ్లారా చూసే ఆట కాదు కాబట్టి కొన్ని మాటలు అవసరం. ఒక్కో వైపు ఐదుగురు ఆటగాళ్లు, ఒక గోల్‌కీపర్. సుమారు 61 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పున్న మంచు రింక్. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు. ఆట ఆగితే గడియారమూ ఆగుతుంది. స్కేట్ల మీద వేగం ఎంతగా ఉంటుందంటే, ఒక్కో బృందం నిమిషం లోపే అలసిపోయి బెంచీకి వచ్చేస్తుంది, ఆట నడుస్తుండగానే కొత్త బృందం దిగుతుంది. అందుకే ఈ ఆటలో ఒకరిద్దరు తారలతో పని జరగదు. మూడో బృందం, నాలుగో బృందం కూడా నిలబడగలగాలి. పురుషుల ఆటలో మాదిరిగా ఒంటితో గుద్ది పడేయడం మహిళల కాలేజీ ఆటలో నిషేధం. అందువల్ల స్కేటింగ్‌కు, పాసింగ్‌కు, పక్ మీద అదుపుకు విలువ ఇంకా ఎక్కువ.

అమెరికాలో మహిళల క్రీడలకు విశ్వవిద్యాలయాలు డబ్బు పెట్టడం వెనక 1972 నాటి 'టైటిల్ నైన్' చట్టం ఉంది. ప్రభుత్వ నిధులు అందుకునే విద్యాసంస్థలు ఆడపిల్లల పట్ల వివక్ష చూపకూడదని ఆ చట్టం చెప్పింది. పురుషుల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు పెద్ద సంఖ్యలో స్కాలర్‌షిప్‌లు ఇచ్చే విశ్వవిద్యాలయం మహిళలకూ ఆ మేరకు అవకాశాలు చూపించాల్సి వచ్చింది. అయినా హాకీకి ఆ ఫలం అందడానికి పాతికేళ్లు పట్టింది. 1998లో నగానో ఒలింపిక్స్‌లో మహిళల ఐస్ హాకీని తొలిసారి చేర్చారు, అమెరికా స్వర్ణం గెలిచింది. ఆ మరుసటి ఏడాది, 1999లో, పశ్చిమ ప్రాంతపు కాన్ఫరెన్స్ డబ్ల్యూసీహెచ్‌ఏ మహిళల లీగ్ మొదలుపెట్టింది. విస్కాన్సిన్ తొలి సీజన్ కూడా అదే. విశ్వవిద్యాలయం ఉన్న మాడిసన్ నగరంలో పురుషుల హాకీకి అప్పటికే గొప్ప పేరుండేది. మహిళల జట్టు సున్నా నుంచి మొదలైంది.

తొలి ఏళ్లు విస్కాన్సిన్‌వి కావు. 2001, 2002, 2003 టైటిళ్లు మూడూ మినెసోటా డులూత్ ఎగరేసుకుపోయింది. అక్కడి కోచ్ షానన్ మిల్లర్ స్వీడన్, ఫిన్లాండ్ జాతీయ జట్ల క్రీడాకారిణులను విద్యార్థినులుగా తీసుకొచ్చింది. 2004, 2005లలో మినెసోటా గెలిచింది. ఆ విశ్వవిద్యాలయం 2002లోనే మినియాపొలిస్‌లో రిడర్ అరీనా కట్టింది. ప్రత్యేకంగా మహిళల కాలేజీ హాకీ కోసమే అమెరికాలో కట్టిన మొదటి రింక్ అది. అంటే విస్కాన్సిన్ ఇంకా నడక నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పొరుగు జట్టు ప్రపంచ స్థాయి ఆటగాళ్లను తెచ్చుకుంది, మరో పొరుగు జట్టు సొంత ఇల్లు కట్టుకుంది. ఈ ఇద్దరితోనూ ఏడాదికి నాలుగేసి మ్యాచ్‌లు ఆడాలి. ఎదగకపోతే ఏటా చిత్తుగా ఓడుతూ ఉండాల్సిందే.

జాన్సన్ రాక

2002లో మార్క్ జాన్సన్ కోచ్‌గా వచ్చాడు. 1980 ఫిబ్రవరిలో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో, కాలేజీ కుర్రాళ్లతో కూడిన అమెరికా జట్టు సోవియట్ యూనియన్‌ను 4-3తో ఓడించిన మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టింది అతడే. వాటిలో ఒకటి తొలి పీరియడ్ ఆఖరి సెకనులో పడింది. అతడి తండ్రి బాబ్ జాన్సన్ విస్కాన్సిన్ పురుషుల జట్టును ఏళ్ల తరబడి నడిపి, తర్వాత 1991లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌కు ప్రొఫెషనల్ హాకీలో అత్యున్నత ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిపించాడు. మాడిసన్‌లో ఆ ఇంటి పేరుకు ఉన్న గౌరవం మహిళల జట్టుకు పెట్టుబడిలా పనికొచ్చింది. అంత పేరున్న మనిషి ఈ జట్టును మెట్టుగా వాడుకుని వెళ్లిపోలేదు, ఇక్కడే ఉండిపోయాడు. మహిళల కాలేజీ హాకీలో 600కు పైగా విజయాలు సాధించిన కోచ్ అతడు. కోచ్‌లు తరచూ మారే అమెరికా కాలేజీ క్రీడల్లో ఇరవై ఏళ్లకు పైగా ఒకే బెంచీ వెనక నిలబడటం చిన్న విషయం కాదు. పదిహేడేళ్ల అమ్మాయి ఏ విశ్వవిద్యాలయంలో చేరాలో తేల్చుకునేటప్పుడు, నాలుగేళ్లూ అదే కోచ్ ఉంటాడన్న భరోసా ఎంత పని చేస్తుందో ఊహించవచ్చు.

2006లో తొలి టైటిల్ వచ్చింది. ఫైనల్లో మినెసోటాను 3-0తో ఓడించింది, అదీ ప్రత్యర్థి ఊరు మినియాపొలిస్‌లో. గోల్‌కీపర్ జెస్సీ వెటర్ సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే ప్యాటీ కాజ్‌మయర్ అవార్డు ఇదే జట్టుకు చెందిన సారా బావర్‌కు దక్కింది.

మరుసటి ఏడాది, 2007 క్వార్టర్ ఫైనల్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మాడిసన్‌లోని కోల్ సెంటర్‌లో హార్వర్డ్‌తో మ్యాచ్. అరవై నిమిషాలు గడిచాయి, 0-0. నాకౌట్ మ్యాచ్‌లో డ్రా ఉండదు. మళ్లీ ఇరవై నిమిషాల ఓవర్‌టైమ్, ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే గెలుపు. మొదటి ఓవర్‌టైమ్ అయిపోయింది, రెండోది అయిపోయింది, మూడోదీ అయిపోయింది. అప్పటికి రెండు పూర్తి మ్యాచ్‌లు ఆడినట్టు లెక్క. నాలుగో ఓవర్‌టైమ్‌లో, మొత్తం ఆట 127 నిమిషాలు దాటాక, జినెల్ జాగ్ కొట్టిన గోల్‌తో విస్కాన్సిన్ 1-0తో గట్టెక్కింది. అంతసేపూ వెటర్ వల కాసింది, ఒక్కటీ వదల్లేదు. ఆ తర్వాత లేక్ ప్లాసిడ్‌లో, 27 ఏళ్ల కిందట జాన్సన్ స్వర్ణం గెలిచిన ఊళ్లోనే, డులూత్‌ను 4-1తో ఓడించి విస్కాన్సిన్ రెండో టైటిల్ అందుకుంది.

2008 ఫైనల్లో డులూత్ తన సొంత ఊళ్లో 4-0తో బదులు తీర్చుకుంది. 2009లో మెర్సీహర్స్ట్ మీద 5-0తో మూడో టైటిల్. ఇక 2010 ఈ జట్టుకు ఒక పరీక్షలాంటి ఏడాది. వాంకూవర్ ఒలింపిక్స్ కోసం జాన్సన్ అమెరికా మహిళా జట్టు కోచ్‌గా వెళ్లాడు. మేగన్ డగ్గన్, హిలరీ నైట్ కూడా జాతీయ జట్టుకు ఆడటానికి వెళ్లారు. అమెరికా రజతం తెచ్చింది, విస్కాన్సిన్ మాత్రం జాతీయ టోర్నీకి అర్హతే సాధించలేదు. అందరూ తిరిగొచ్చిన 2010-11లో 37 గెలుపులు, 2 ఓటములు, 2 డ్రాలతో, ఫైనల్లో బోస్టన్ యూనివర్సిటీపై 4-1తో నాలుగో టైటిల్ వచ్చింది. డగ్గన్‌కు కాజ్‌మయర్ అవార్డు దక్కింది. కోచ్, ఇద్దరు తారలు పక్కకు తప్పుకుంటే జట్టు ఎంత కిందికి జారగలదో ఆ ఒక్క ఏడాది చూపించింది. అంటే కోచ్ పాత్రను తక్కువ చేసి చూడటం కుదరదు. కానీ కోచ్ ఉన్నా టైటిల్ రాని ఎనిమిదేళ్లు ఆ తర్వాతే వచ్చాయి.

ఎనిమిదేళ్ల కరవు

2012 ఫైనల్లో మినెసోటా 4-2తో గెలిచింది. విస్కాన్సిన్ క్రీడాకారిణి బ్రియానా డెకర్ ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణి, అయినా కప్పు మినెసోటాకే పోయింది. 2012-13లో మినెసోటా ఆడిన 41 మ్యాచ్‌లూ గెలిచింది. అంతకు ముందు సీజన్ చివరి నుంచి ఆ తర్వాతి సీజన్ దాకా కలిపితే వరసగా 62 విజయాలు. ఆ పరంపరను తెంచింది కూడా పొరుగు జట్టే, నార్త్ డకోటా.

ఇక 2014, 2015, 2016. మూడేళ్లూ విస్కాన్సిన్ 'ఫ్రోజెన్ ఫోర్'కు, అంటే చివరి నాలుగు జట్ల దశకు చేరింది. మూడేళ్లూ సెమీఫైనల్లో మినెసోటాయే ఎదురైంది. 5-3, 3-1, 3-2. మొదట్లో చెప్పుకున్న దెబియెన్ సీజన్ ఈ మూడోది. ఆమె 2016-17లో మరో 17 మ్యాచ్‌ల్లో గోల్ ఇవ్వకుండా ఆడి, మొత్తం 55 మ్యాచ్‌ల రికార్డుతో చదువు ముగించింది. పురుషుల్లో గానీ మహిళల్లో గానీ కాలేజీ హాకీలో అంత రికార్డు ఎవరికీ లేదు. కాజ్‌మయర్ అవార్డు కూడా వచ్చింది. ఆఖరి ఏడాది ఫైనల్ దాకా జట్టు వెళ్లింది, అక్కడ క్లార్క్‌సన్ 3-0తో గెలిచింది. కాలేజీ చరిత్రలో అత్యుత్తమ గోల్‌కీపర్ ఒక్క జాతీయ టైటిల్ కూడా లేకుండా మాడిసన్ విడిచి వెళ్లింది. 2018 సెమీఫైనల్లో రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత కోల్గేట్ 4-3తో గెలిచింది.

వరసగా ఐదేళ్లు చివరి నలుగురిలో ఉండి, ఐదేళ్లూ వట్టి చేతులతో ఇంటికి రావడం. చాలా విశ్వవిద్యాలయాల్లో ఈ పాటికి కోచ్ కుర్చీ కదిలేది, ఖర్చు తగ్గించే మాట వచ్చేది. విస్కాన్సిన్ ఆ పని చేయలేదు. ఈ జట్టు చరిత్రలో అన్నిటికన్నా గొప్ప నిర్ణయం ఏదైనా గెలిచిన ఏడాదిలో కాదు, ఈ ఓటమి కాలంలోనే కనిపిస్తుంది. 2012లో కోల్ సెంటర్‌ను ఆనుకుని లాబాన్ అరీనా తెరిచారు. దాదాపు 2,300 సీట్ల చిన్న రింక్. అంతకు ముందు మహిళల జట్టు ఆడిన కోల్ సెంటర్‌లో పదిహేను వేలకు పైగా జనం పడతారు. రెండు వేల మంది వచ్చినా అక్కడ ఖాళీగా కనిపించేది. చిన్న రింక్‌లో అదే రెండు వేల మందితో గోడలు దద్దరిల్లుతాయి. సొంత రింక్, సొంత డ్రెస్సింగ్ గదులు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మంచు దొరకడం. మినెసోటాకు పదేళ్ల ముందే దక్కిన ఈ సౌకర్యం విస్కాన్సిన్‌కూ వచ్చింది. పొరుగువాళ్లు ఇల్లు కట్టుకోవడం చూసే ఇది కట్టారని అనుకోవడంలో తప్పు లేదు. కరవు కాలంలోనే, 2017 జనవరిలో, పెద్ద కోల్ సెంటర్‌లో ఆడిన ఒక మ్యాచ్‌కు 15,359 మంది వచ్చారు. టైటిల్ గెలిచి ఆరేళ్లయినా జనం జట్టును వదల్లేదు.

ఒక జట్టు మూసేస్తే

2017 మార్చిలో నార్త్ డకోటా విశ్వవిద్యాలయం ఖర్చు తగ్గించుకునే పేరుతో మహిళల హాకీ జట్టును రద్దు చేసింది. మినెసోటా 62 విజయాల పరంపరను తెంచిన జట్టు అది. ఏడాది తిరగకముందే ఆ నిర్ణయం ఎంత పొరపాటో లోకమంతా చూసింది. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్ ఫైనల్లో కెనడా మీద అమెరికాకు మూడో పీరియడ్‌లో స్కోరు సమం చేసిన మోనీక్ లమూరూ, షూటౌట్‌లో గెలిపించే గోల్ కొట్టిన ఆమె కవల సోదరి జోసెలిన్, ఇద్దరూ నార్త్ డకోటాలో ఆడినవాళ్లే. ఆ స్వర్ణ జట్టు కెప్టెన్ విస్కాన్సిన్ మేగన్ డగ్గన్. అంతకు ఏడాది ముందు, సరైన వేతనం, సరైన ఏర్పాట్లు లేకపోతే స్వదేశంలో జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడేది లేదని జాతీయ జట్టు పట్టుబట్టినప్పుడు ముందు నిలిచిందీ ఆమే. ఒప్పందం కుదిరాకే జట్టు మంచు మీదికి దిగింది.

నార్త్ డకోటా జట్టు మూతపడటంతో అక్కడి విద్యార్థినులు చెల్లాచెదురయ్యారు. వారిలో గోల్‌కీపర్ క్రిస్టెన్ క్యాంబెల్ మాడిసన్‌కు వచ్చింది. దెబియెన్ వెళ్లిపోయిన ఖాళీ ఆమెకు దొరికింది. 2019 జాతీయ టోర్నీలో క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్, ఫైనల్ మూడింటిలోనూ ఆమె ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఫైనల్లో 2-0తో ఓడింది మినెసోటా. ఎనిమిదేళ్ల తర్వాత కప్పు వచ్చింది, అదీ ఏ జట్టు మూడేళ్లు అడ్డుపడిందో ఆ జట్టు మీదే, మూతపడిన మరో పొరుగు జట్టు గోల్‌కీపర్ చేతుల మీదుగా. విస్కాన్సిన్ అభిమానులకు అది తీపి విజయమే. కాన్ఫరెన్స్‌కు మాత్రం నార్త్ డకోటా పోవడం తీరని నష్టం. ఒక మంచి జట్టు ఆటగాళ్లను పంచుకుంటే మిగిలిన జట్లు ఒకటి రెండేళ్లు బలపడతాయి. ఆ తర్వాత ఏటా ఆ జట్టుతో ఆడాల్సిన నాలుగు గట్టి మ్యాచ్‌లు లేకుండా పోతాయి.

ఒహాయో స్టేట్ వచ్చాక

2020 టోర్నీని కోవిడ్ మింగేసింది. 2021 ఫైనల్లో నార్త్‌ఈస్టర్న్ మీద ఓవర్‌టైమ్. డారిల్ వాట్స్ గోల్ వెనక నుంచి, అసలు గోల్ కనపడని కోణం నుంచి, పక్‌ను ముందుకు కొట్టింది. అది ప్రత్యర్థి డిఫెండర్‌కు తగిలి వలలో పడింది. 2-1. ఆరో టైటిల్.

ఆ తర్వాతి నాలుగేళ్లు కొత్త పొరుగు పోటీ నడిచింది. ఒహాయో స్టేట్‌కు 2016లో కోచ్‌గా వచ్చిన నడీన్ ముజెరాల్, మినెసోటా తొలి రోజుల్లో ఆ జట్టుకు ఆడింది, తర్వాత అక్కడే సహాయ కోచ్‌గా పని చేసింది. మినెసోటాలో నేర్చుకున్నది తీసుకెళ్లి, తాను వచ్చేదాకా జాతీయ టోర్నీ గడప తొక్కని జట్టును 2022లో చాంపియన్‌ను చేసింది. కాన్ఫరెన్స్ లోపలే పోటీ ఇలా అంటుకుంటూ పోతుంది.

2023లో విస్కాన్సిన్ అంత బలంగా లేదు. టోర్నీ మొదటి రౌండ్లు సొంత రింక్‌లో ఆడే అవకాశం కూడా దక్కలేదు. సెమీఫైనల్లో మినెసోటాను ఓవర్‌టైమ్‌లో 3-2తో దాటింది. ఆ గోల్ కొట్టింది తొలి ఏడాది విద్యార్థిని, డిఫెండర్ కరోలైన్ హార్వీ. ఫైనల్లో ఒహాయో స్టేట్ మీద 1-0. గోల్ కిర్‌స్టెన్ సిమ్స్‌ది. వల కాసింది క్యామీ క్రోనిష్. ఏళ్ల తరబడి రెండో గోల్‌కీపర్‌గా బెంచీ మీద కూర్చుని, ఐదో ఏట ప్రధాన బాధ్యత అందుకుని, ఫైనల్లో ఒక్కటీ వదలని అమ్మాయి. ఈ కాలంలో ఆటగాళ్లు ఏడాదికో విశ్వవిద్యాలయం మారుతుంటే, ఓపిగ్గా కూర్చుని తన వంతు కోసం చూసిన క్రోనిష్ కథకు ఈ జట్టు చరిత్రలో ప్రత్యేక స్థానం ఇవ్వాలి. 2024 ఫైనల్లో అవే రెండు జట్లు, అదే 1-0, ఈసారి గెలిచింది ఒహాయో స్టేట్.

2025 ఫైనల్ మార్చి 23న, మినియాపొలిస్‌లోని రిడర్ అరీనాలో. మూడో ఏడు కూడా అవే రెండు జట్లు. విస్కాన్సిన్ ఆ సీజన్‌లో మొత్తం 41 మ్యాచ్‌ల్లో ఓడింది ఒక్కటే. కేసీ ఓబ్రైన్ 88 పాయింట్లతో (గోల్ కొట్టినా, గోల్ పడే పాస్ ఇచ్చినా ఒక్కో పాయింట్) కాజ్‌మయర్ అవార్డు గెలిచి, హిలరీ నైట్ పేరు మీదున్న మొత్తం పాయింట్ల విస్కాన్సిన్ రికార్డునూ దాటింది. లైలా ఎడ్వర్డ్స్ దేశంలో అందరికన్నా ఎక్కువగా 35 గోల్స్ కొట్టింది. అంతటి జట్టూ ఆఖరి నిమిషంలో 3-2తో వెనకబడి ఉంది. గోల్‌కీపర్‌ను బయటికి పిలిచి ఆరో ఆటగాడిని దింపారు, ఓడిపోతున్న జట్టు చివర్లో చేసే పని అదే. గోల్ ముందు తోపులాట. మంచు మీద కాళ్లు, కర్రలు, మనుషులు, మధ్యలో ఎక్కడో పక్. ఆట ఆగింది. గోల్ ముందు నీలి రంగు వేసిన చోట, గోల్‌కీపర్ కాని ఒహాయో స్టేట్ ఆటగాడి చెయ్యి పక్ మీద పడిందా? గోల్‌కీపర్ తప్ప, గోల్ కాస్తున్న జట్టులో ఆ చోట పక్‌ను ఎవరు చేత్తో కప్పినా శిక్ష పెనాల్టీ షాట్. విస్కాన్సిన్ బెంచీ వీడియో సమీక్ష కోరింది. రిఫరీలు తెర ముందు నిలబడి చూసుకుని వచ్చారు. పెనాల్టీ షాట్ ఇచ్చారు.

జాన్సన్ సిమ్స్‌ను పంపాడు. రింక్ మధ్యలో పక్, ఎదురుగా గోల్‌కీపర్ అమాండా థీల్ ఒక్కతే, మిగతా ఇరు జట్లూ బెంచీల దగ్గర నిలబడి చూస్తున్నాయి. తప్పితే సీజన్ అక్కడికి అయిపోయినట్టే. సిమ్స్ గోల్ కొట్టింది. గడియారంలో 18.9 సెకన్లు మిగిలి ఉన్నాయి. ఓవర్‌టైమ్ మొదలైన మూడు నిమిషాల లోపే మళ్లీ సిమ్సే గోల్ కొట్టి 4-3తో ఎనిమిదో టైటిల్ ఖాయం చేసింది.

ఒహాయో స్టేట్ అభిమానులకు ఆ చివరి నిర్ణయం చాలాకాలం గుచ్చుకుంటుంది, అది సహజం. నిబంధన మాత్రం స్పష్టంగా ఉంది, దాన్ని ఆఖరి నిమిషంలోనూ అమలు చేయడం సరైనదే. పైగా మూడు ఫైనళ్లు కలిపి చూస్తే 1-0, 1-0, 4-3. రెండు జట్ల మధ్య తేడా ప్రతిసారీ ఒకే ఒక్క గోల్. వీటిలో ఏ ఒక్క పక్ అంగుళం పక్కకు వెళ్లినా ఈ చరిత్ర మరోలా రాయాల్సి వచ్చేది.

బలం ఎక్కడ పోగుపడింది

కాన్ఫరెన్స్‌లో ఇప్పుడు ఎనిమిది జట్లున్నాయి. ఒక్కో జట్టు మిగిలిన ఏడింటితో నాలుగేసి సార్లు, మొత్తం 28 మ్యాచ్‌లు ఆడుతుంది. శుక్రవారం, శనివారం వరసగా అదే ప్రత్యర్థి. శుక్రవారం ఓడిన జట్టుకు తప్పు సరిదిద్దుకోవడానికి ఒక్క రాత్రే గడువు. మినెసోటాతో, ఒహాయో స్టేట్‌తో, డులూత్‌తో ఇలా ఏటా నలిగిన జట్టుకు మార్చిలో ఎదురయ్యే తూర్పు ప్రాంతపు జట్లు కొత్త భయం పుట్టించవు. 2001 నుంచి 2013 దాకా వరసగా పదమూడు జాతీయ టైటిళ్లూ ఈ ఒక్క కాన్ఫరెన్స్‌కే దక్కాయి. 2014లో మినెసోటాను 5-4తో ఓడించిన క్లార్క్‌సన్ ఆ గొలుసును తెంచిన మొదటి జట్టు. ఆ తర్వాత మళ్లీ తెంచిందీ క్లార్క్‌సనే.

ఈ పోటీ ఫలం మాడిసన్‌తో ఆగదు. దెబియెన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో కెనడాకు స్వర్ణం గెలిపించిన గోల్‌కీపర్. కాలేజీలో దక్కనిది అక్కడ దక్కింది. అదే జట్టులో విస్కాన్సిన్ పూర్వ విద్యార్థిని సారా నర్స్ 18 పాయింట్లతో ఒలింపిక్ టోర్నీ రికార్డు నెలకొల్పింది. ఎదురుగా అమెరికా జట్టులో నైట్. 2024 జనవరిలో మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్‌లోనూ వీళ్లంతా కనిపిస్తున్నారు. అంతకు ముందు పాతికేళ్లు అమెరికాలో చదువు ముగించిన అమ్మాయికి నిలకడగా జీతమిచ్చే లీగ్ లేదు. డగ్గన్ తరం వాళ్లు చాలామంది ఆటలోనే బతుకు వెతుక్కుంటూ గడిపారు. ఓబ్రైన్ తరానికి కాలేజీ తర్వాత ఒక దారి కనిపిస్తోంది.

అయితే ఇదే బలంలో ఒక లోపమూ ఉంది. 2025 దాకా ఇరవై నాలుగు టోర్నీలు జరిగితే ఐదు విశ్వవిద్యాలయాలే గెలిచాయి. జాతీయ టోర్నీలో మొదట్లో తక్కువ జట్లే ఉండేవి, ఏళ్ల తరబడి ఎనిమిదే ఆడాయి, 2022 నుంచి పదకొండుకు పెంచారు. జట్లు పెరిగినా కప్పు అందుకునే చేతులు మారలేదు. కొత్త విశ్వవిద్యాలయాలు ముందుకొచ్చి, మంచు రింక్ కట్టి, స్కాలర్‌షిప్‌లు ఇచ్చి, మంచి కోచ్‌ను తెచ్చుకుని, ఓడిపోతున్న ఐదారేళ్లు కూడా ఖర్చు భరిస్తేనే ఈ చిట్టా పెరుగుతుంది. అది కుదిరే పనేనని ఒహాయో స్టేట్ ఎనిమిదేళ్లలో రెండు టైటిళ్లతో చూపించింది. 2021లో కాన్ఫరెన్స్‌లో చేరిన సెయింట్ థామస్ ఆ దారిలో తొలి అడుగులు వేస్తోంది. నార్త్ డకోటాకు మాత్రం ఉత్తర అమెరికాలోనే పేరున్న రింకుల్లో ఒకటి ఉంది, పురుషుల జట్టుకు నిండా ప్రేక్షకులున్నారు, ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన ఇద్దరు పూర్వ విద్యార్థినులున్నారు. 2017లో మూసేసిన మహిళల జట్టును ఆ విశ్వవిద్యాలయం తిరిగి తెరవాలి.